2009 మే 24, జొహానెస్‌బర్గ్: గిల్‌క్రిస్ట్ సున్నాకి అవుటైన రాత్రి మనం కప్పు గెలిచాం

ఉప్పల్_గేట్4

నిన్న అటక సర్దుతుంటే నాన్న స్కోరు పుస్తకం దొరికింది. పుస్తకం అంటే మామూలు లాంగ్ నోట్‌బుక్కే. స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో గళ్లు గీసుకుని, టీవీలో చూసే మ్యాచ్‌ని బంతి బంతికీ రాసుకునేవారు. పరుగు రాకపోతే చుక్క, వికెట్ పడితే గడి నిండా ఇంటూ గుర్తు. 2009 మే 24 పేజీ తీశాను. వాండరర్స్ మైదానం, మన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్‌కీ బెంగళూరు రాయల్ ఛాలెంజర్స్‌కీ ఐపీఎల్ ఫైనల్. మొదటి ఓవర్ కుంబ్లే. అందులోనే ఇంటూ. గిల్‌క్రిస్ట్ 0. పెన్ను ఎంత గట్టిగా నొక్కారో, కాగితం చిరిగి కింది పేజీ మీద కూడా గీత పడింది.

ఆ గీత చూశాక ఈ థ్రెడ్ పెట్టాలనిపించింది. మన కప్పు గురించి ఎవరిని అడిగినా గిల్‌క్రిస్ట్ గెలిపించాడనే అంటారు. సెమీఫైనల్ దాకా ఆ మాట అక్షరాలా నిజం. కానీ ఫైనల్లో ఆయన బ్యాట్ నుంచి ఒక్క పరుగు రాలేదు. అయినా గెలిచాం. ఆ జట్టు గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం. చూసినవాళ్లు గుర్తున్నంత రాయండి.

గాజువాక_ఆఫ్‌బ్రేక్

అన్నా, మంచి థ్రెడ్. కానీ 2008 సంగతి చెప్పకుండా 2009 చెబితే ఈతరం పిల్లలకి దాని విలువ తెలియదు. మొదటి సీజన్లో 14 మ్యాచ్‌లాడి 2 గెలిచాం. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. ఆ రెండూ బయటి ఊళ్లలోనే, ఒకటి ముంబైలో, ఒకటి చెన్నైలో. ఉప్పల్‌లో ఆడిన ఏడూ ఓడిపోయాం. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిది, లక్ష్మణ్, రోహిత్... పేపర్ మీద చూస్తే ఆ జట్టుని కొట్టేవాడు లేడు. ఆటలో మాత్రం ప్రతి ఒక్కరూ కొట్టారు. విశాఖలో మా కాలేజీ దగ్గర టీ బండి వద్ద ఛార్జర్స్ పేరెత్తితే మాట మార్చేసేవాళ్లు.

ఇంకో సంగతి. ఆ ఫైనల్లో మనకి ఎదురుగా నిలబడ్డ బెంగళూరు 2008లో ఏడో స్థానం. అంటే ముందు ఏడాది అట్టడుగున ఉన్న రెండు జట్లే మరుసటి ఏడాది కప్పు కోసం కొట్టుకున్నాయి.

ఉప్పల్_గేట్4

ఆ ఏడింటిలో నాలుగు మ్యాచ్‌లకి నాన్నతో స్టేడియానికి వెళ్లాను తమ్ముడూ. మాది రామంతాపూర్, నడిచి వెళ్లేవాళ్లం. ఓడిపోయాక జనంతో పాటు తిరిగి నడిచి వస్తుంటే ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్లు కాదు. నాన్న మాత్రం ఇంటికొచ్చి పుస్తకంలో మొత్తం కూడి, కింద గీత గీసేదాకా అన్నం తినేవారు కాదు.

డల్లాస్_నైట్‌వాచ్‌మన్

ఒక్క నిమిషం. ఫైనల్లోనే కదా గిల్లీ 35 బంతుల్లో 85 కొట్టింది? మొదటి ఓవర్‌లో ఐదు ఫోర్లు కొట్టినట్టు నాకు కళ్లకు కట్టినట్టు గుర్తు. ఇక్కడ మాకు పొద్దున్న కాఫీ టైమ్. అపార్ట్‌మెంట్లో ఎనిమిదిమందిమి ఒకే లాప్‌టాప్ ముందు కూర్చున్నాం.

మొయినుద్దౌలా_ఫ్యాన్

అది సెమీఫైనల్ అండి. మే 22, సెంచూరియన్. లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచిన ఢిల్లీ మీద. వాళ్లు 153 చేశారు. డర్క్ నానెస్ వేసిన మొదటి ఓవర్లో ఐదు ఫోర్లు, 17 బంతుల్లో అర్ధసెంచరీ. ఆయన అవుటయ్యేసరికే మ్యాచ్ మన చేతిలో ఉంది.

చాలామందికి ఈ రెండు మ్యాచ్‌లూ కలిసిపోతాయి, మీ తప్పేం లేదు. సెమీస్‌లో కళ్లు చెదిరే ఆట ఉంది కాబట్టి అదే ఫైనల్ అనిపిస్తుంది. అసలు ఫైనల్ చెమటోడ్చిన ఆట. అలాంటివి గుర్తుంచుకోవడానికి కాస్త ఓపిక కావాలి.

గాజువాక_ఆఫ్‌బ్రేక్

సెమీస్‌కి కూడా అంత సులువుగా ఏమీ రాలేదు. ఎన్నికల వల్ల టోర్నమెంట్ మొత్తం దక్షిణాఫ్రికాకి తరలింది కదా. అక్కడ మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచాం. కోల్‌కతా, బెంగళూరు, ముంబై, చెన్నై, వరసగా. కొత్త జెర్సీ వేసుకుని వేరే జట్టు దిగిందనుకున్నాం. తర్వాత మళ్లీ వరస ఓటములు. మే 6న ముంబై మీద రోహిత్ శర్మ బంతితో హ్యాట్రిక్ తీశాడు. నాయర్, హర్భజన్, డుమిని. రెండు ఓవర్లలో 6 పరుగులిచ్చి 4 వికెట్లు. నమ్మని పిల్లలకి స్కోరుకార్డు చూపించాల్సి వస్తోంది ఇప్పుడు.

మే 16న కోల్‌కతా మీద చివరి ఓవర్‌కి 21 కావాలి. మొర్తజా బౌలింగ్. అదే రోహిత్ ఆఖరి బంతికి సిక్స్‌తో ముగించాడు, ఆ ఓవర్లో మొత్తం 26 వచ్చాయి. ఆ రాత్రి ఓడిపోయి ఉంటే సెమీస్ లేదు, ఫైనల్ లేదు. ఏడు గెలిచి ఏడు ఓడి, 14 పాయింట్లతో నాలుగో స్థానంలో గట్టెక్కాం. పంజాబ్‌కీ 14 పాయింట్లే, రన్‌రేట్ వల్ల వాళ్లు బయటికెళ్లారు.

మల్లేశ్వరం_తెలుగోడు

మాది అనంతపురం, పుట్టి పెరిగింది బెంగళూరు. ఆ రాత్రి నేను ఎర్ర జెర్సీ వైపే ఉన్నాను, కాబట్టి అటు వైపు సంగతి కూడా రాస్తాను.

మాకు ఆ ఫైనల్ గెలుస్తామని గట్టి నమ్మకం. ఎందుకంటే అంతకు మూడు రోజుల ముందే మిమ్మల్ని సెంచూరియన్‌లో ఓడించాం. ఆ మ్యాచ్‌లోనే మనీష్ పాండే 114 నాటౌట్, ఐపీఎల్‌లో భారతీయుడి మొదటి సెంచరీ. కెప్టెన్‌గా ఉన్న పీటర్సన్ మధ్యలో ఇంగ్లండ్ వెళ్లిపోతే కుంబ్లే కెప్టెన్ అయ్యాడు. టెస్టుల నుంచి రిటైరై ఏడాది కూడా కాలేదు. ఆ మనిషి జట్టుని భుజాన వేసుకుని ఫైనల్ దాకా తెచ్చాడు. ఫైనల్లో 4 ఓవర్లు, 16 పరుగులు, 4 వికెట్లు. ఓడిపోయిన జట్టులో ఉండి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. బహుమతి తీసుకోవడానికి వెళుతున్నప్పుడు ఆయన ముఖం నేను చూడలేకపోయాను. టీవీ కట్టేశాను.

ఉప్పల్_గేట్4

బ్రదర్, కుంబ్లే ఆ రాత్రి వేసిన నాలుగు ఓవర్లూ నాన్న పుస్తకంలో ఉన్నాయి. దాదాపు అన్నీ చుక్కలూ ఒకట్లే. పక్కన మార్జిన్‌లో నాన్న చిన్న అక్షరాలతో 'మహానుభావుడు' అని రాశారు. మన ప్రత్యర్థే అయినా.

కవర్‌డ్రైవ్_గుంటూరు

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నాకున్న ఒక అభ్యంతరం చెబుతాను. గిబ్స్ ఓపెనర్‌గా వచ్చి చివరిదాకా ఉండి 48 బంతుల్లో 53. టీ20 ఫైనల్లో ఓపెనర్ అన్ని బంతులాడి కొట్టాల్సింది అంతేనా? స్కోరు 143/6 దగ్గర ఆగిపోవడానికి అదీ కారణమే కదా. కనీసం 160 దాకా వెళ్లి ఉంటే చివరి ఓవర్ దాకా ఆ టెన్షన్ ఉండేది కాదు.

మొయినుద్దౌలా_ఫ్యాన్

ఈ మాట మీద మీతో గట్టిగా విభేదిస్తాను.

గిబ్స్ ఎవరు? అదే వాండరర్స్‌లో 2006 మార్చి 12న ఆస్ట్రేలియా 434 కొడితే, 111 బంతుల్లో 175 చేసి దక్షిణాఫ్రికాని 438కి చేర్చినవాడు. ఆ మైదానం సముద్రమట్టానికి చాలా ఎత్తున ఉంటుంది, గాలి పలచన, బంతి తగిలితే ఎగిరిపోతుంది. అక్కడ ఎలా బాదాలో ఆయనకి నేర్పక్కర్లేదు. అలాంటివాడు, అదే గడ్డ మీద, ఇంకో చివర వికెట్లు పడుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గిల్‌క్రిస్ట్ పోయాడు, సుమన్ పోయాడు. సైమండ్స్ వచ్చి 21 బంతుల్లో 33 కొట్టాడు, రోహిత్ 24. వాళ్లు ధైర్యంగా కొట్టగలిగింది ఎందుకు? అటు చివర గిబ్స్ పాతుకుపోయి ఉన్నాడు కాబట్టి.

నేను హైదరాబాద్ లీగ్‌లో పన్నెండేళ్లు ఆడాను. మ్యాటింగ్ మీద, టర్ఫ్ మీద. పిచ్ మీద ఉన్నవాడికి తెలుస్తుంది ఏ స్కోరు చాలో. కుంబ్లే బంతి అలా పట్టుకుని తిరుగుతుంటే, మన దగ్గరా స్పిన్నర్ ఓఝా ఉన్నాడు కదా అని అక్కడ ఆడేవాడికి తట్టకుండా ఉండదు. 143 తక్కువే. కానీ 115కి ఆలౌటైపోయే దారి కూడా ఆ రోజు తెరిచే ఉంది.

సరదా సంగతి ఒకటి: ఆ 438 మ్యాచ్‌లో ఆడిన గిబ్స్, గిల్‌క్రిస్ట్, సైమండ్స్, కాలిస్, బౌచర్ ఐదుగురూ ఈ ఫైనల్లో కూడా ఉన్నారు. ముగ్గురు మన వైపు, ఇద్దరు అటు.

కవర్‌డ్రైవ్_గుంటూరు

438 మ్యాచ్ సంగతి నాకు తట్టలేదు సార్. అదే గ్రౌండ్ అని ఇప్పుడే గమనించాను. నా మాట వెనక్కి తీసుకోను గానీ, సగం తగ్గిస్తాను.

డర్బన్_నుంచి_దేశం

నేను ఆ రోజు మైదానంలో ఉన్నాను.

అప్పట్లో ఉద్యోగం మీద డర్బన్‌లో ఉండేవాణ్ణి. డర్బన్‌లో తెలుగువాళ్లు మనలాగా నిన్నమొన్న వచ్చినవాళ్లు కారు. 1860 తర్వాత చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్లినవాళ్ల మునిమనవలు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన వాళ్లలో ఒకరు. ఇంట్లో ఉగాది చేస్తారు, పిల్లలకి తెలుగు పేర్లే పెడతారు. మాట మాత్రం 'రా', 'పో', 'తిను', 'అమ్మమ్మ' దగ్గర ఆగిపోయింది. డర్బన్‌లోని కింగ్స్‌మీడ్ మైదానంలో మనవాళ్లు ముంబైని, చెన్నైని ఓడించినప్పుడు నాతో వచ్చారు. మొదటి రోజు నన్ను ఇంగ్లీషులో అడిగారు, హైదరాబాద్ జట్టంటే మన తెలుగువాళ్ల జట్టేనా అని. అవునన్నాను. అంతే, ఆ రోజు నుంచి ఆయన జట్టు అదే.

ఫైనల్‌కి తెల్లవారకముందే కారులో బయల్దేరాం. ఐదువందల యాభై కిలోమీటర్ల పైనే. దారిలో తినడానికి ఆయన భార్య పులిహోర కట్టిచ్చారు. మా అమ్మ చేసే పులిహోరలా లేదు, వేరే రుచి. కానీ పోపులో ఆవాలు, కరివేపాకు, వేరుశెనగ అన్నీ ఉన్నాయి. నూట యాభై ఏళ్లు ఆ పోపు అలా నిలబడిందంటే నాకు ముద్ద దిగలేదు కాసేపు.

గిల్‌క్రిస్ట్ అవుటవగానే మా చుట్టూ ఎర్ర జెండాలు లేచాయి. పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టు ఆఖరి బంతి దాకా వదల్లేదు. మర్నాడు చూసుకుంటే నిజంగానే కమిలి ఉంది.

గాజువాక_ఆఫ్‌బ్రేక్

అన్నా, పులిహోర దగ్గర నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. మిగతా మ్యాచ్ కూడా చెప్పండి, స్టాండ్‌లోంచి ఎలా కనిపించింది?

డర్బన్_నుంచి_దేశం

కాలిస్‌ని ఆర్పీ సింగ్ తీశాడు, అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత వాన్ డర్ మెర్వ్ వచ్చి బాదడం మొదలుపెట్టాడు, 21 బంతుల్లో 32. అతను జొహానెస్‌బర్గ్‌లో పుట్టినవాడే, జనం అతనికి అరుస్తున్నారు. అప్పుడు ఓఝా బంతి నెమ్మదిగా గాల్లోకి వదిలాడు. వాన్ డర్ మెర్వ్ ముందుకొచ్చాడు, బంతి దాటిపోయింది, గిల్‌క్రిస్ట్ స్టంపౌట్ చేశాడు. ద్రవిడ్‌ని హర్మీత్ సింగ్ వెనక్కి పంపాడు.

అయినా రాస్ టేలర్ ఉన్నాడు, కుర్ర కోహ్లీ ఉన్నాడు. లెక్క వాళ్ల వైపే ఉంది. సైమండ్స్ ఒక్క ఓవర్లో ఇద్దర్నీ తీసేశాడు. టేలర్ క్యాచ్. కోహ్లీ 7 దగ్గర ముందుకొచ్చి స్టంపౌట్, అది కూడా గిల్‌క్రిస్టే. స్టేడియంలో శబ్దం ఒక్కసారిగా అటు నుంచి ఇటు మారింది. టీవీలో ఆ తేడా తెలియదు.

కీపింగ్_చేసిన_చేతులు

ఇన్ని పోస్టులు చదివాను, థ్రెడ్ పెట్టినాయన మాటకి ఒక్క సవరణ. గిల్‌క్రిస్ట్ ఫైనల్లో ఏమీ చేయలేదని ఎలా అంటారు? పైన డర్బన్ అన్న రాసిన రెండు స్టంపింగులు చూడండి. వాన్ డర్ మెర్వ్, కోహ్లీ. 6 పరుగులతో గెలిచిన మ్యాచ్‌లో ఆ రెండూ లేకపోతే?

నేను జిల్లా స్థాయిలో కీపింగ్ చేశాను. బ్యాటుతో సున్నా చేసి వచ్చి కీపింగ్‌కి దిగడం ఎంత కష్టమో కీపర్‌కే తెలుసు. ప్రతి బంతికీ లేచి కూర్చుంటూ, ఆ షాట్ ఎందుకు ఆడానా అని బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. చేతులు బిగుసుకుపోతాయి, బంతి గ్లోవ్‌లోంచి ఎగిరి పడుతుంది. స్పిన్నర్‌కి వికెట్ల దగ్గర నిలబడినప్పుడు చేతులు మెత్తగా ఉండాలి, బ్యాట్స్‌మన్ అడ్డొచ్చినా బంతి కనిపించకపోయినా అక్కడికే వెళ్లాలి. ఆ రాత్రి ఆయన చేతులు మెత్తగానే ఉన్నాయి.

ఉప్పల్_గేట్4

ఒప్పుకుంటున్నాను సార్. నేను బ్యాటు వరకే చూశాను. 'ఒక్క పరుగు రాలేదు' అన్న మాట ఉంచుతాను, మిగతాది మీరు చెప్పిందే సరి. ఆయన ఒక్కడి మీద ఆధారపడని జట్టు అనే నా మాట మాత్రం అలాగే ఉంది. 28 పరుగులకి 3 వికెట్లు తీసిన ఓఝా, 18కి 2 తీసిన సైమండ్స్, 23కి 2 తీసిన హర్మీత్. ఒక చెయ్యి జారితే ఇంకో చెయ్యి పట్టుకుంది.

మొయినుద్దౌలా_ఫ్యాన్

ఓఝా గురించి ఒక మాట. పుట్టింది భువనేశ్వర్‌లో, రంజీ ఆడింది హైదరాబాద్‌కి. వికెట్ పడినా పెద్దగా అరవడు, మళ్లీ వెళ్లి అదే చోట వేస్తాడు. మరుసటి ఏడాది 21 వికెట్లతో పర్పుల్ క్యాప్, అంటే సీజన్లో అందరికంటే ఎక్కువ వికెట్లు తీసిన బౌలర్‌కిచ్చే టోపీ, ఓఝాదే. 2009లో అది 23 వికెట్లతో ఆర్పీ సింగ్‌ది. వరసగా రెండేళ్లు మన జట్టు బౌలర్లే. ఛార్జర్స్ అంటే బాదుడు జట్టు అనుకునేవాళ్లు ఈ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి.

హైదరాబాద్‌కి అంచు మీద గెలిచిన ఫైనల్ కొత్త కూడా కాదు. 1937-38 రంజీ ఫైనల్లో అంతకుముందు ఏడాది ఛాంపియన్ నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. ఏదుల్జీ ఐబరా 137 నాటౌట్. మా కోచ్ ఆ పేరు చెప్పకుండా నెట్స్ మొదలుపెట్టేవారు కాదు.

డల్లాస్_నైట్‌వాచ్‌మన్

చివరి ఓవర్ మాత్రం నాకు కచ్చితంగా గుర్తుంది, ఈసారి తప్పు చెప్పను. 6 బంతుల్లో 15 కావాలి. ఆర్పీ సింగ్ చేతికి బంతి. ఉతప్ప ఉన్నాడు. మా లాప్‌టాప్‌లో బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది. ఆర్పీ పరుగెత్తుకొస్తూ ఆగిపోతాడు, గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, మళ్లీ బొమ్మ వచ్చేసరికి ఆ బంతి అయిపోయి ఉంటుంది. ఎనిమిదిమందిమీ ఊపిరి బిగబట్టి స్కోరు అంకె వైపే చూశాం. 8 పరుగులే వచ్చాయి. 137/9. ఇంకా ఒక బంతి ఉందేమోనని మాలో ఒకడు చాలాసేపు కూర్చునే ఉన్నాడు.

గాజువాక_ఆఫ్‌బ్రేక్

సైమండ్స్ గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ సీజన్లో ఆలస్యంగా వచ్చి చేరాడు. ఫైనల్లో 33 పరుగులు, ఆ రెండు వికెట్లు. నా దృష్టిలో ఆ రాత్రి మన వైపు అందరికంటే పెద్ద ఆటగాడు ఆయనే. 2022 మే 14న టౌన్స్‌విల్ దగ్గర కారు ప్రమాదంలో పోయాడు. 46 ఏళ్లు. ఆ వార్త విన్న రోజు నేను మొదట తీసి చూసింది ఫైనల్లో ఆయన వేసిన ఆ ఓవర్నే. కోహ్లీ అవుటయ్యాక ఆయన నవ్వే నవ్వు ఉంది చూడండి, దానికోసం.

కవర్‌డ్రైవ్_గుంటూరు

ఆ జట్టుని సొంత ఊళ్లో సరిగ్గా చూసుకునే అదృష్టం కూడా మనకి దక్కలేదు. కప్పు గెలిచింది దక్షిణాఫ్రికాలో. ఛాంపియన్లుగా దిగిన 2010లో ఇక్కడి పరిస్థితుల వల్ల సొంత మ్యాచ్‌లు నాగ్‌పూర్‌కి, కటక్‌కి, నవీ ముంబైకి పోయాయి. 2012 ముగిసేసరికి జట్టే లేదు. తర్వాత సన్‌రైజర్స్ వచ్చింది, 2016లో కప్పు తెచ్చింది, సంతోషమే. అదీ బెంగళూరు మీదే, 8 పరుగులతో. అయినా ఎద్దు బొమ్మ ఉన్న ఆ జెర్సీ నా దగ్గర ఇంకా ఉంది. మా అబ్బాయికి ఇప్పుడు సరిపోతోంది.

మల్లేశ్వరం_తెలుగోడు

మీకు 6 పరుగులు, 8 పరుగులు. ఆ రెండు అంకెలు మాకు ఎన్నేళ్లు నిద్రలో వచ్చాయో మీకు తెలియదు. 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్ మీద గెలిచినప్పుడు తేడా చూశారా? 6 పరుగులే. 2009లో 7కి స్టంపౌటైన ఆ కుర్రాడే ఆ రోజు ఆఖరి ఓవర్ పూర్తికాకముందే మైదానంలో ఏడ్చేశాడు. నేను బాల్కనీలోకి వెళ్లి మా అనంతపురం మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఛార్జర్స్ మనిషి. 2009లో ఆ రాత్రి గెలిచిన వెంటనే నాకు ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలియక 'అన్నం తిన్నావా' అని అడిగి పెట్టేసినాయన. మొన్న నేను చేస్తే ఎత్తగానే మళ్లీ అదే అడిగారు.

డర్బన్_నుంచి_దేశం

థ్రెడ్ పెట్టినాయన్ని ఒకటి అడగాలని ఉంది. మీ నాన్నగారి పుస్తకంలో ఆ చివరి ఓవర్ ఎలా ఉందండి?

ఉప్పల్_గేట్4

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. అడిగారు కాబట్టి చెబుతాను.

పంతొమ్మిదో ఓవర్ దాకా గళ్లన్నీ నిండుగా ఉన్నాయి. ఇరవయ్యో ఓవర్‌లో ఒక్క గడిలోనూ ఏమీ లేదు. అప్పుడే మా వీధిలో కరెంటు పోయింది. మే నెల, ఉక్కపోత, చీకటి. నేను డాబా మీదకి పరుగెత్తి, పక్క వీధిలో వెలుగు ఉందేమో, ఎవరింట్లోనైనా టీవీ వినిపిస్తుందేమో అని చూస్తున్నాను. నాన్న కుర్చీలోంచి లేవలేదు. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నారు. కాసేపటికి ఉప్పల్ వైపు నుంచి టపాకాయలు వినిపించాయి. మేడ మీది నుంచి అరిచాను, 'నాన్నా, మనమే!' అని. కింద నుంచి ఆయన అడిగింది ఒక్కటే, 'ఎన్ని పరుగులు?'

మర్నాడు పేపర్ చూసి స్కోరు రాశారు. ఆ ఆరు గళ్లు మాత్రం ఖాళీగానే వదిలేశారు. తాను చూడని బంతి ఆయన ఎప్పుడూ రాయలేదు.